మేడి పట్టని మనిషిని రైతు అనవచ్చునా? (జార్జ్ వాషింగ్టన్ సేద్యం గురించి)

నల్లరేగడి

కిందటి నెల మా నాన్నగారిని పోటోమాక్ నది ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్‌కు తీసుకువెళ్లాను. మేముండేది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే కనుక అది మాకు పెద్ద ప్రయాణం కాదు. ప్రకాశం జిల్లాలో ముప్ఫై ఏళ్లు వర్జీనియా పొగాకు పండించిన మనిషి కావడం వల్ల, ఆ పేరు గల నేల ఎలా ఉంటుందో చూడాలని విమానం దిగిన నాటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. అక్కడ స్థలాన్ని చూపించిన ఆవిడ, అమెరికా తొలి అధ్యక్షుడు తనను అన్నింటికంటే ముందు రైతుగానే భావించుకున్నాడని, సేనాపతి పదవీ అధ్యక్ష పదవీ నడుమ వచ్చి పోయినవేనని చెప్పారు. నేను ఆ మాటను తెలుగులో చెప్పగానే నాన్నగారు ఒక్కటే ప్రశ్న వేశారు: "ఆయన ఎప్పుడైనా మేడి పట్టాడా?" మేడి అంటే నాగలి పిడి.

నా దగ్గర జవాబు లేకపోయింది. దాదాపు ఎనిమిది వేల ఎకరాలు, ఐదు కమతాలు, చనిపోయేనాటికి అక్కడ 317 మంది బానిసలు. ఈ మనిషిని మన భాషలో రైతు అనాలా, కామందు అనాలా, మరేదైనా మాట ఉందా? చదివినవారు చెప్పగలరు. నాన్నగారు రోజూ భోజనం దగ్గర గుర్తు చేస్తున్నారు.

మిరపచేను

కామందు. ఇందులో చర్చించడానికి ఏమున్నదో నాకు అర్థం కావడం లేదు. మా ఊళ్లో అరవై ఎకరాలున్న ఆసామినే ఎవరూ రైతు అనలేదు, మోతుబరి అన్నారు. ఎనిమిది వేల ఎకరాలకు ఆ మాట కూడా చాలదు.

పాత_దస్తావేజు

మిరపచేను గారు తొందరపడ్డారు. ప్రశ్న మాట గురించి కనుక, ఆ కాలపు వర్జీనియాలో వాడుకలో ఉన్న మాటల నుంచే మొదలుపెట్టడం మంచిది. పొగాకు వేసే పెద్ద భూస్వామిని అక్కడ 'ప్లాంటర్' అనేవారు. ధాన్యం వేసుకుని, పశువులను పెంచుకుంటూ, నేలను నిలబెట్టుకుంటూ సాగు చేసేవాడు 'ఫార్మర్'. వాషింగ్టన్ మొదటి మాటతో బతుకు మొదలుపెట్టి, రెండవ మాటను కోరి తెచ్చుకున్న మనిషి.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. 1754లో మౌంట్ వెర్నన్‌కు వచ్చినప్పుడు ఆయన కౌలుదారు. అన్నగారి భార్యకు ఏడాదికి 15,000 పౌన్ల పొగాకు కౌలుగా చెల్లించే ఒప్పందం మీద దానిని తీసుకున్నాడు. ఆవిడ పోయిన తరువాత 1761లోనే అది ఆయన సొంతమైంది. ఈలోగా 1759లో మార్తాను పెళ్లాడడంతో ఆవిడ మొదటి భర్త తాలూకు భూములు, బానిసలు కూడా ఆయన అజమాయిషీలోకి వచ్చాయి.

పండిన పొగాకును లండన్‌లోని రాబర్ట్ కేరీ కంపెనీకి ఓడమీద పంపేవాడు. వాళ్లు అక్కడ అమ్మి, ఆ సొమ్ముతో ఈయన కోరిన బట్టలు, సామాను, పనిముట్లు కొని పంపేవారు. పంట ఎంతకు అమ్ముడుపోయిందో, వస్తువు ఎంతకు కొన్నారో నెలల తరువాత గానీ తెలిసేది కాదు. 1764 నాటికి లెక్క చూస్తే ఆయనే వాళ్లకు 1,800 పౌండ్ల చిల్లర బాకీ పడ్డాడు. ఆ దెబ్బతో, 1760ల మధ్య నాటికి మౌంట్ వెర్నన్‌లో పొగాకు మానివేసి గోధుమకు మళ్లాడు. చుట్టుపక్కల వాళ్లు ఇంకా పొగాకునే పట్టుకుని వేలాడుతున్న రోజులవి.

బ్యారన్_బాబు

నల్లరేగడి గారూ, మీ నాన్నగారికి నా తరఫున నమస్కారం చెప్పండి, మాదీ టంగుటూరు పక్కనే. పాత_దస్తావేజు గారు రాసింది చదివి నాకు నవ్వూ బాధా రెండూ వచ్చాయి. తాను మంచి సరుకు పంపినా ఇరుగుపొరుగు వాళ్ల సరుకు కంటే తక్కువ ధర పలికిందని, లండన్ నుంచి వచ్చే వస్తువులు పాతబడినవీ నాసిరకంవీ అని ఆయన కేరీ కంపెనీకి ఉత్తరం వెంట ఉత్తరం రాశాడు. పొగాకు వేసిన ప్రతివాడూ ఏదో ఒక రోజు ఈ ఉత్తరం రాసినవాడే, కాకపోతే చాలామంది మనసులోనే రాసుకుంటారు.

ఒక ఏడాది పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే మా బ్యారన్‌లో ఆకు బంగారంలా కాలింది. వేలానికి తీసుకువెళితే ఒక కొనుగోలుదారు ఆకు చెక్కు (కట్ట) విప్పి, రెండు ఆకులు వేళ్ల మధ్య నలిపి, రంగు నిలవలేదని పక్కన పెట్టించాడు. అదే ఆకును రెండు వారాల తరువాత అదే మనిషి ఎక్కువ గ్రేడు కింద కొన్నాడు. మా నాన్న ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు, మరుసటి ఏడాది సగం పొలంలో శనగ వేశారు. అందుచేత, అప్పు చూసి పంట మార్చిన మనిషిని నేను రైతు కాదని అనలేను.

మిరపచేను

అప్పు ఉన్నంత మాత్రాన రైతు అయిపోతే మా ఊరి సినిమా హాలు యజమాని కూడా రైతే.

గొర్రు_జడ్డిగం

అడిగిన ప్రశ్న మేడి గురించి కనుక ఆ సంగతి చెబుతాను. 1760 మార్చి నాటి ఆయన దినచర్యలో, రోజులో ఎక్కువ భాగం సొంత ఊహతో ఒక కొత్త నాగలి చేయడంలో గడిపానని రాసుకున్నాడు. ఒకటి రెండు రోజులకు దానిని నేలలో దించి చూసి, బాగానే పని చేసిందని తృప్తి పడ్డాడు. ఆ రోజుల్లోనే జరిగిన మరొక ముచ్చట ఇంకా బాగుంటుంది. బండి గుర్రాలను, అంటే తన సవారీ బండికి కట్టే ఖరీదైన గుర్రాలను, పొద్దున ఒక జతగా, మధ్యాహ్నం ఒక జతగా నాగలికి కట్టించాడు. గడ్డి వేళ్లు అల్లుకుపోయిన బరువు నేల కావడంతో అవి అడుగడుక్కీ ఆగాయి. రేపు సవారీ బండికి కట్టినప్పుడు కూడా ఇదే అలవాటు చూపిస్తాయేమోనని భయపడి, అసలు వాటిని కట్టించినందుకే పశ్చాత్తాపపడ్డానని రాసుకున్నాడు. ఇలాంటి తెలివితక్కువ పని చేసి, దానిని దాచకుండా రాసుకోవడం రైతు లక్షణమే అని నా అభిప్రాయం.

ఆ తరువాత 1786లో విత్తనం వేసే పీపా నాగలి ఒకటి తయారు చేయించాడు. ఒక పీపాకు చుట్టూ రంధ్రాలు పెట్టి నాగలి మీద అమర్చితే, అది దొర్లుతున్నకొద్దీ గింజలు రాలుతాయి. గింజ ఇరుక్కుపోకుండా రంధ్రం లోపలి వైపు ఇరుకుగా, బయటి వైపు వెడల్పుగా ఉండాలని మిత్రుడికి రాసిన ఉత్తరంలో వివరించాడు. మా అనంతపురం వైపు గొర్రుకు జడ్డిగం (విత్తనాలు పోసే గిన్నె) కట్టి, అందులో పిడికెడు పిడికెడు వేస్తూ నడిచే ఆడవాళ్ల చేతులు ఆ పని ఏనాటి నుంచో చేస్తున్నాయి. అయినా ఆయన తంటాలు చదివితే జాలి వేసింది.

నల్లరేగడి

నాన్నగారికి బండి గుర్రాల ముచ్చట వినిపించాను. చాలాసేపు నవ్వారు. కానీ "చేయించాడు, కట్టించాడు అంటున్నావు, పట్టుకున్నది ఎవరు?" అని మళ్లీ మొదటికే వచ్చారు.

దక్కన్_పిల్ల

ఇంతసేపటికి ఈ చర్చలో సరైన ప్రశ్న వేసింది మీ నాన్నగారే. తెలుగులో ఈ 'ఇంచు' ప్రత్యయం ఎంత నిజాయితీ గలదో చూడండి: దున్నించాడు, కోయించాడు, నూర్పించాడు. ఇంగ్లీషులో ఆయన 'నేను గోధుమ విత్తాను' అని రాసుకుంటే చదివేవాళ్లకు చేతులు కనిపించవు. తెలుగులో చెప్పబోతే కనిపిస్తాయి.

1760 ఫిబ్రవరిలో ఒక రోజు ఆయన కర్రలు చెక్కే నలుగురు బానిస వడ్రంగుల దగ్గర కూర్చుని, తాను చూడని రోజున ఎంత పని జరిగింది, కళ్లెదుట ఎంత జరుగుతున్నది అని అడుగుల లెక్కన కొలిచి రాసుకున్నాడు. అధ్యక్షుడిగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు కూడా ప్రతి కమతం నుంచి వారం వారం నివేదిక తెప్పించుకునేవాడు: ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎవరు జబ్బుపడ్డారు, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎన్ని గొర్రెలు ఈనాయి, అన్నీ ఒకే పట్టికలో. మనుషులూ గొర్రెలూ ఒకే కాగితం మీద ఉన్న ఆ లెక్కను సేద్యం అనాలంటే నాకు నోరు రాదు.

మడ్డీ హోల్ అనే కమతాన్ని ఏళ్ల తరబడి నడిపిన మేస్త్రీ డేవీ గ్రే. ఆయన స్వయంగా బానిస. అదను తెలిసినవాడు, మట్టి తెలిసినవాడు, కూలీల గుట్టు తెలిసినవాడు ఆయన. రైతు అనే మాట మౌంట్ వెర్నన్‌లో ఎవరికి చెందాలని నన్ను అడిగితే నేను ఆ పేరు చెబుతాను.

పాత_దస్తావేజు

దక్కన్_పిల్ల గారి మాటను నేను కాదనను. చేర్చవలసిన వివరాలు మాత్రం కొన్ని ఉన్నాయి. 317 మందిలో ఆయన సొంతానికి చెందినవారు 123 మంది. 153 మంది మార్తా మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవారు, వారిని విడుదల చేసే హక్కు చట్టప్రకారం ఆయనకు లేదు. మిగిలినవారు ఇతరుల దగ్గర అద్దెకు తెచ్చినవారు. తనవారిని మార్తా మరణానంతరం విడుదల చేయాలని 1799 నాటి వీలునామాలో రాశాడు. మార్తా అంతవరకూ ఆగకుండా 1801 జనవరి 1 నుంచి వారికి స్వేచ్ఛ ఇచ్చింది.

దక్కన్_పిల్ల

ఆ వీలునామా కోసం అందరూ ఆగలేదు. మార్తాకు దుస్తులు సర్దే ఓనా జడ్జ్ అనే యువతి 1796లో ఫిలడెల్ఫియా ఇంటి నుంచి, దొరలు భోజనం చేస్తున్న వేళ నడిచి వెళ్లిపోయింది. వంటవాడు హెర్క్యులిస్ 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా దొరగారి పుట్టినరోజు నాడు, మౌంట్ వెర్నన్ వదిలి పారిపోయాడు. ఆనాటి లెక్కల పుస్తకాలలో ఇవి నష్టం కింద కనిపిస్తాయి.

కంకిపాడు_కబుర్లు

రైతు సంగతి అటుంచి, రాజకీయ నాయకుడి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 1758లో వర్జీనియా శాసనసభకు ఫ్రెడరిక్ కౌంటీ నుంచి నిలబడినప్పుడు ఆయన యుద్ధరంగంలో ఉన్నాడు, ప్రచారానికి రాలేదు. ఆయన తరఫున మిత్రులు ఓటర్లకు పోయించినది రమ్ము, పంచ్, ద్రాక్షసారా, బీరు అన్నీ కలిపి 160 గ్యాలన్లు. ఆయన గెలిచాడు. బిల్లు కూడా చెల్లించాడు. మనవాళ్లు దీనిని మనమే కనిపెట్టామని అనుకుంటూ ఉంటారు.

పర్యవేక్షకుడు

పై టపాకు జవాబుగా ప్రస్తుత నాయకుల పేర్లతో వచ్చిన రెండు టపాలను తొలగించాను. పద్దెనిమిదవ శతాబ్దం దాటి రావద్దని మనవి.

కౌలుదారు

సారా మాట వచ్చింది కనుక ఈ చర్చలో రావలసిన అసలు కథ చెబుతాను. అలెఘనీ కొండలకు పడమట, పెన్సిల్వేనియాలో చిన్న రైతులు రై అనే ధాన్యం పండించేవారు. ఆ ధాన్యాన్ని కొండలు దాటించి తూర్పు అంగళ్లకు చేర్చాలంటే ఒక గుర్రం నాలుగు బుషెళ్లు (బుషెల్ ఒక ధాన్యపు కొలత) మోస్తుంది. అదే ధాన్యాన్ని విస్కీగా దించితే, అదే గుర్రం ఇరవై నాలుగు బుషెళ్ల పంటను మోసినట్టు. వారికి సారా బట్టీ విలాసం కాదు, రవాణా సాధనం. చేతిలో నగదు ఆడని ఆ పల్లెల్లో విస్కీయే చాలాచోట్ల డబ్బుగా చెల్లింది. 1791లో కేంద్ర ప్రభుత్వం దాని మీద పన్ను వేసి, నగదుగా కట్టమన్నది. ఏడాది పొడుగునా నడిచే పెద్ద బట్టీ గ్యాలనుకు తక్కువ పడేట్టు సర్దుకోగలదు. పంట నూర్చిన తరువాత నాలుగు వారాలు నడిచే చిన్న బట్టీకి ఆ వెసులుబాటు లేదు.

1794లో పన్ను తనిఖీ అధికారి జాన్ నెవిల్ ఇంటిని రైతులు తగలబెట్టారు. అధ్యక్షుడైన వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సేనను సమీకరించి, తానే గుర్రమెక్కి బెడ్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. సేన చేరేసరికి ఎదురు నిలిచేవారు ఎవరూ లేరు. దేశద్రోహం రుజువైన ఇద్దరినీ తరువాత ఆయనే క్షమించి వదిలాడు.

ఇక మూడేళ్లు ముందుకు రండి. 1797లో పదవి దిగి ఇంటికి వచ్చాడు. కొత్తగా చేరిన కమతాల మేనేజరు, స్కాట్లాండ్ వాడైన జేమ్స్ ఆండర్సన్, రై ఉన్నది, మర ఉన్నది, నీరు ఉన్నది, విస్కీ దించుదాం అన్నాడు. 1799లో ఐదు రాగి బానల బట్టీ నుంచి దించినది 11,000 గ్యాలన్లకు దగ్గర. దేశంలోని పెద్ద బట్టీలలో అదొకటి. ఆ బట్టీలో పని చేసినవారిలో ఆరుగురు బానిసలు. కొండ రైతు ఏ పన్నుకు మండిపడ్డాడో ఆ పన్ను ఈయనకు లెక్కలో ఒక పద్దు మాత్రమే.

మా నాన్న ఇరవై ఏళ్లు కౌలు సాగు చేశారు. పంట నష్టానికి పరిహారం వచ్చిన ప్రతిసారీ అది పొలం హక్కుదారు ఖాతాలో పడేది, మా నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కబురు వినేవారు. అందువల్ల బెడ్‌ఫర్డ్ దాకా వెళ్లిన ఆ గుర్రం మీద ఉన్నది రైతు అని నా చేత అనిపించలేరు.

బ్యారన్_బాబు

ఇది మాత్రం నాకు తెలియదు. నా ఓటు వెనక్కి తీసుకోవడం లేదు, అలాగని ముందుకూ జరపలేను.

కంకిపాడు_కబుర్లు

160 గ్యాలన్లతో మొదలైన రాజకీయం 11,000 గ్యాలన్లతో ముగిసింది. దీనిని అభివృద్ధి అంటారు.

పాత_దస్తావేజు

కౌలుదారు గారు చెప్పినది వాస్తవం, ఆ పన్నును అధ్యక్షుడు జెఫర్సన్ కాలంలో 1802లో ఎత్తివేశారు. అయితే వాషింగ్టన్‌ను పక్కన పెట్టినా, ఆ తరంలో మేడి పట్టిన రాజకీయ నాయకుడు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న మిగులుతుంది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన న్యూజెర్సీ జాన్ హార్ట్ ఉన్నాడు. 1776 చివర శత్రుసేన ముంచుకొస్తే సోర్లాండ్ కొండల్లో దాక్కున్నాడు; 1778 వేసవిలో వాషింగ్టన్ సేన 12,000 మందితో ఆయన పొలంలోనే విడిది చేసింది. చేతికి రాబోయే పంట ఉన్న పొలంలో పన్నెండు వేల మంది దిగడం అంటే ఏమిటో ఇక్కడి వారికి విడమరచి చెప్పనక్కరలేదు. నార్త్ కరోలినా నథానియేల్ మేకన్ 1801 నుంచి 1807 వరకు ప్రతినిధుల సభకు స్పీకర్, ఇంటికి వచ్చినప్పుడు చేలో దిగి పని చేసేవాడని పేరు. ఆయనకూ బానిసలు ఉన్నారు, హార్ట్‌కూ ఉన్నారు.

మిరపచేను

జెఫర్సన్‌ను వదిలేశారేం? నాగలి రెక్కకు గణితం కట్టి, మట్టి తేలికగా తిరగబడే ఆకారం కనిపెట్టి, పారిస్ వారి చేత పతకం పుచ్చుకున్నాడు. పోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. నాగలి బరువు తగ్గింది గానీ అప్పు బరువు తగ్గలేదు.

చేను_గట్టు

పాత_దస్తావేజు గారి ప్రశ్నకు నా దగ్గర ఒక పేరు ఉంది: జోనథన్ స్మిత్. మసాచుసెట్స్ రాష్ట్రంలో లేన్స్‌బరో అనే కొండ పల్లె నుంచి వచ్చినవాడు. కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని 1788లో బోస్టన్‌లో సభ జరిగింది. అప్పటికి ఏడాది క్రితమే, అప్పులకు పొలాలు జప్తు అవుతుంటే డేనియల్ షేస్ అనే రైతు వెనక వేల మంది తిరగబడి, న్యాయస్థానాలను మూయించి, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ముందు ఫిరంగి దెబ్బకు నలుగురిని పోగొట్టుకుని చెదిరిపోయారు. సభలో రైతుల మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

జనవరి 25న ఏమోస్ సింగిల్‌టరీ అనే పెద్దాయన లేచి, ఈ వకీళ్లు, చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు తీయగా మాట్లాడి మన చేత ఈ మాత్ర మింగిస్తారని, తరువాత తిమింగిలం మింగినట్టు చిన్నవాళ్లను మింగేస్తారని అన్నాడు. వెంటనే స్మిత్ లేచాడు. తాను సాదా మనిషినని, నాగలితో పొట్టపోసుకుంటున్నానని, సభల్లో మాట్లాడడం అలవాటు లేదని మొదలుపెట్టాడు. రాజ్యాంగం ప్రతి ఒకటి సంపాదించి మళ్లీ మళ్లీ చదివానని, దాని మీద ఏ వకీలు అభిప్రాయమూ అడగలేదని, తమ ఊళ్లో అసలు వకీలే లేడని, అయినా తమకు బాగానే గడుస్తోందని చెప్పాడు.

ఆ తరువాత చెప్పిన ఉపమానం వినండి. మీరు ఇద్దరు ముగ్గురు కలిసి శ్రమపడి ఒక బీడు నరికి గోధుమ చల్లారనుకోండి. చుట్టూ ఎలాంటి కంచె వేయాలన్న దగ్గర మాట కుదరలేదని ఆ చేనును పశువులకు వదిలేస్తారా? ఎవరికీ పూర్తిగా నచ్చకపోయినా ఏదో ఒక కంచె వేసుకోవడం మేలు కాదా? సభ 168 ఓట్లకు వ్యతిరేకంగా 187 ఓట్లతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఈ ఒక్క ప్రసంగం వల్లనే అని నేను అనడం లేదు. కానీ గట్టు తగాదాలు తెలిసిన మనిషికి తప్ప ఆ ఉపమానం తట్టదు.

కౌలుదారు

సింగిల్‌టరీ మాటే నిజమైందని నా అనుమానం. మూడేళ్లు తిరిగేసరికి విస్కీ పన్ను వచ్చింది. అయితే స్మిత్ గారిని రైతు అనడానికి నాకు అభ్యంతరం లేదు.

రిచ్‌మండ్_వాసి

మా ఊరి శాసనసభ భవనంలో వాషింగ్టన్ పాలరాతి విగ్రహం ఉంది. ఫ్రెంచి శిల్పి ఊదో 1785లో మౌంట్ వెర్నన్‌కు వచ్చి, ఆయన ముఖానికి అచ్చు తీసుకుని వెళ్లి చెక్కినది. రాజ్యాధికారానికి గుర్తైన కర్రల మోపు మీద ఎడమ చేయి ఆనించి, కుడి చేతిలో చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. కత్తి విప్పి పక్కన తగిలించాడు. కాళ్ల వెనక నాగలి ఉంటుంది. రోమ్‌లో సిన్సినాటస్ అనే రైతు నాగలి వదిలి సేనాపతియై, గెలిచి, మళ్లీ నాగలి దగ్గరకే వెళ్లాడన్న కథను తలపించడానికి అలా చెక్కారు. 1783లో సేనాధిపత్యాన్ని వదిలి ఇంటికి వెళ్లిపోయాడు కనుక ఆ పోలిక అప్పటికే అందరి నోళ్లలో ఉంది. రాజకీయంగా ఆయనకు ఆ నాగలి ఎంత విలువైనదో చెప్పలేం. మీ నాన్నగారిని ఒకసారి తీసుకురండి, నాగలి ఎక్కడ ఉందో, చేయి ఎక్కడ ఉందో ఆయనే చూసుకుంటారు.

గొర్రు_జడ్డిగం

విగ్రహం సంగతి బాగుంది, కానీ రాతి నాగలిని చూసి తీర్పు చెప్పకూడదు. ఆయన నేల కోసం పడ్డ తపన ఉత్తుత్తిది కాదు. 1760 ఏప్రిల్ 14న పది అరల పెట్టె ఒకటి చేయించి, ఒక అరలో ఉత్త మట్టి, మిగతావాటిలో గుర్రపు లద్దె, ఆవుపేడ, గొర్రె పెంట, ఏటి ఒండ్రు, సున్నపు మట్టి ఒక్కొక్కటిగా కలిపి, ప్రతి అరలో మూడు గోధుమ గింజలు, మూడు ఓట్స్ గింజలు, మూడు బార్లీ గింజలు ఒకే లోతులో, ఒకే ఎడంలో నాటాడు. ఏ ఎరువుకు ఏ మొలక ఎలా లేస్తుందో చూడడానికి. అప్పటికి ఆయన వయసు 28. పెంట కోసం ఒక పాకనే ప్రత్యేకంగా కట్టించాడు. పొగాకు పీల్చేసిన నేలకు ఏడేళ్ల పంట మార్పిడి పథకం వేశాడు. స్పెయిన్ రాజును అడిగి గాడిదను తెప్పించి, కంచర గాడిదలను పెంచాడు. ఆ రాజుగారి గాడిద మొదట్లో ఆడవాటి వంక చూడకపోతే, రాచరికం తలకెక్కి సామాన్య జాతితో కలవడం లేదని ఉత్తరంలో వేళాకోళం చేశాడు. 1796లో చట్టసభకు చేసిన ఆఖరి ప్రసంగంలో వ్యవసాయానికి జాతీయ మండలి కావాలని కోరితే సభ ఊరుకుంది; వ్యవసాయ శాఖ ఏర్పడడానికి లింకన్ కాలం, 1862 రావలసి వచ్చింది.

నల్లరేగడి

ఆ రోజు నాన్నగారికి బాగా నచ్చినది పదహారు పలకల నూర్పిడి కొట్టమని చెప్పడం మరిచాను. పై అంతస్తులో గోధుమ పనలు గుండ్రంగా పరచి గుర్రాలను తిప్పితే, నేల పలకల మధ్య ఉంచిన సందుల్లోంచి గింజలు కింది అంతస్తుకు రాలతాయి. ఇది మన బంతి కట్టడమేనని ఆయన వెంటనే గుర్తుపట్టారు. "వానకు కళ్లం తడిసే బాధ లేదు, మన్ను కలవదు, దొంగ భయమూ లేదు" అని చుట్టూ రెండుసార్లు తిరిగారు. చివరిది ఎందుకన్నారో నాకు తరువాత అర్థమైంది. బయట నూర్చితే గింజ మట్టిపాలు కావడంతోపాటు దొంగతనం కూడా జరుగుతుందన్నది వాషింగ్టన్ బాధ.

దక్కన్_పిల్ల

ఆ గింజను ఎవరు, ఎందుకు దాచుకుని ఉంటారో కూడా మీ నాన్నగారికి చెప్పండి.

నల్లరేగడి

చెప్పాను. "ఆకలికి" అన్నారు, ఇంకేమీ అనలేదు.

పాత_దస్తావేజు

ఒక ఉత్తరం గురించి చెప్పి నేను ఆగుతాను. 1799 డిసెంబరు 12న మంచు, వడగళ్లు, వాన కలిసి పడుతుంటే ఆయన గుర్రం మీద అయిదు గంటలపాటు కమతాలు తిరిగాడు. తడిసిన బట్టలతోనే భోజనానికి కూర్చున్నాడు. మరునాడు గొంతు నొప్పి. అయినా బయటికి వెళ్లి, కొట్టవలసిన చెట్లకు గుర్తు పెట్టించాడు. ఆ రోజే ఆండర్సన్‌కు ఉత్తరం రాశాడు: యూనియన్ కమతంలో నిన్న చూసిన పశువుల దొడ్డి వంటి దానిలో పశువులను ఒక్క వారం ఉంచితే అన్నీ చచ్చిపోతాయని. ఆ మరునాటి రాత్రి, 14న, పోయాడు. ఆయన రాసిన ఆఖరి ఉత్తరం అదే. దేశం గురించి కాదు, పేడ గురించి.

మిరపచేను

ఇది ముందే చెప్పి ఉంటే నేను కామందు అన్న మాటను కాస్త మెల్లగా అనేవాణ్ణి. ఇప్పటికీ కామందే. అయితే దొడ్డి చూసే కామందు.

కౌలుదారు

దొడ్డి చూసి ఉత్తరం రాసినవాడు కామందే. ఆ వానలో పార పట్టుకుని దానిని ఎత్తినవాడి పేరు ఉత్తరంలో ఉండదు.

నల్లరేగడి

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ టపాలన్నీ మొదటి నుంచి నాన్నగారికి చదివి వినిపించాను. కౌలుదారు గారి టపా రెండుసార్లు చదివించుకున్నారు. రైతా, కామందా అన్నదానికి ఏమీ చెప్పలేదు. చేయి కడుక్కుని వచ్చి, "ఇంతకీ ఆ దొడ్డిలో పశువులను ఆ రాత్రికి వేరే చోట కట్టారా?" అని అడిగారు.